ఆపకుండా వీఎం సైజు మార్చడం: పలాసలో ఒక జీడిపప్పు సర్వర్ డైరీ

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటి ఉంది, వాళ్ల స్టాకూ బిల్లింగూ నడిచే సర్వర్ నా చేతికింద ఉంది. దసరా నుంచి దీపావళి దాకా ఆర్డర్లు ఎక్కువ, మిగతా నెలల్లో అదే మెషీన్ సగం నిద్రలో ఉంటది. సీజన్‌లో వీఎం (వర్చువల్ మెషీన్, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) ఆపకుండా సీపీయూ, ర్యామ్ పెంచాలి, సీజన్ అయ్యాక ఆపకుండానే తగ్గించాలి, ఇదీ పని. ఎవరికైనా పనికొస్తదని రాస్తున్నా. కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి, కొట్టేప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ఉన్న సరంజామా

హోస్ట్, అంటే వీఎంలు నడిచే అసలు మెషీన్, ఒక్కటే. 8 కోర్లు, 16 థ్రెడ్లు, 64 జీబీ ర్యామ్, డెబియన్ 12, కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపేది) మీద లిబ్‌వర్ట్ (వాటిని నిర్వహించేది, దాని కమాండ్ వర్ష్). రెండో హోస్ట్ లేదు కాబట్టి లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని వేరే హోస్ట్‌కి జరపడం) మాట ఎత్తను. తిత్లీ తుపాను 2018 అక్టోబర్‌లో ఈ ప్రాంతాన్ని ఏం చేసిందో చూశాక బ్యాకప్ మాత్రం శ్రీకాకుళంలో పెడుతున్నాం.

వీఎంలు:
1. పద్దు: స్టాకూ బిల్లింగూ నడిచేది. డెబియన్ 12, మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్), పీహెచ్‌పీ. 2 వీసీపీయూ (వీఎంకి ఇచ్చిన సీపీయూ), 4 జీబీ.
2. ఫైళ్లు: 2 వీసీపీయూ, 4 జీబీ.
3. విండోస్: ట్యాలీ కోసం. 4 వీసీపీయూ, 16 జీబీ.
4. ట్రయల్: పద్దుకి క్లోన్, పరీక్షలకి మాత్రమే. 2 వీసీపీయూ, 4 జీబీ.

సీజన్ రోజు మధ్యాహ్నం పద్దులో లోడ్ యావరేజ్ (సీపీయూ కోసం క్యూలో ఉన్న పనుల సగటు) 9 దాటేది, స్వాప్‌లో (ర్యామ్ చాలక డిస్క్ మీదికి తోసిన చోటు) 1.6 జీబీ కూర్చునేది. గ్రేడ్ వారీ స్టాక్ రిపోర్ట్, అంటే 240 ఎంత, 320 ఎంత, బద్ద ఎంత అని చూపించేది, ఒక్కడు నొక్కితే 19 సెకన్లు, ఆరుగురు ఒకేసారి నొక్కితే 58 సెకన్లు. లారీ గేటు దగ్గర ఉన్నప్పుడు ఆరుగురూ ఒకేసారే నొక్కుతారు, అందులో అనుమానం లేదు.

హోస్ట్ మీద పంచినది: 10 వీసీపీయూ, 28 జీబీ.

దశ 1: ట్రయల్ వీఎం మీద, ఏది పనికిరాదో తేల్చుకోడం

ర్యామ్ మార్చడానికి దారులు మూడు ఉన్నాయి, మూడూ ట్రయల్ మీదే చూశాను.

*బెలూన్.* వీఎంకి గరిష్ఠం 16 జీబీ అని రాసి, ప్రస్తుతం 4 జీబీ అని పెడతాం, మిగతా 12 జీబీని లోపల బెలూన్ డ్రైవర్ పట్టుకుని హోస్ట్‌కి ఇచ్చేస్తది. కావాల్సినప్పుడు సెట్‌మెమ్ కొడితే బెలూన్ సన్నబడతది. వినడానికి బానే ఉంది, కానీ లోపల కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మాత్రం నాకు 16 జీబీ ఉంది అనుకునే బూట్ అవుతది. ప్రతి 4 కేబీ పేజీకి 64 బైట్ల లెక్క రాసుకుంటది కాబట్టి 16 జీబీకి 256 ఎంబీ ఆ లెక్కలకే పోతది, అది కూడా మనం ఇచ్చిన 4 జీబీలోంచి. చిన్న వీఎంకి ఇది దండగ. పైగా తగ్గించేప్పుడు మరీ గట్టిగా లాగితే లోపల ఓఓఎం కిల్లర్ (ర్యామ్ చాలనప్పుడు ప్రోగ్రాముల్ని చంపేది) లేచి ముందు మైఎస్‌క్యూఎల్‌నే చంపింది, ఎందుకంటే అందరికంటే ఎక్కువ తినేది అదే. బెలూన్ పక్కన పెట్టేశాను.

*డిమ్.* నిజం మెషీన్‌లో ర్యామ్ ముక్క గుచ్చినట్టే, ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో 4 జీబీ డిమ్ రాసి అటాచ్-డివైస్ --లైవ్ కొట్టడం. మొదట వచ్చిన ఎర్రర్: మెమరీ హాట్‌ప్లగ్ (నడుస్తుండగా ఎక్కించడం) కావాలంటే కనీసం ఒక న్యూమా నోడ్ (సీపీయూలూ వాటి దగ్గరి ర్యామూ కలిసిన గుంపు) ఉండాలి. మామూలు వీఎంలో న్యూమా రాయం కదా, కాబట్టి సీపీయూ సెక్షన్‌లో న్యూమా సెల్ ఒకటి రాయాలి, మ్యాక్స్‌మెమరీ అని స్లాట్లతో సహా రాయాలి. అవి రాశాక ఎక్కింది.

ఎక్కింది గానీ లోపల ఫ్రీ కొడితే అదే 4 జీబీ. ఎల్ఎస్‌మెమ్ కొడితే విషయం తెలిసింది, కొత్తగా వచ్చిన 32 బ్లాకులూ, ఒక్కోటి 128 ఎంబీ, ఆఫ్‌లైన్‌లో ఉన్నాయి. హోస్ట్ ఇచ్చేసింది, గెస్ట్, అంటే వీఎం లోపలి ఓఎస్, తీసుకోలేదు. సీహెచ్‌మెమ్ -ఈ 4జీ కొడితే ఆన్‌లైన్ అయ్యాయి.

తీసేయడం దగ్గర అసలు తంటా. డిటాచ్-డివైస్ కొడితే "రిక్వెస్ట్ విజయవంతంగా పంపబడింది" అన్నట్టు మెసేజ్ వస్తది, చూసి సంబరపడితే అంతే. పంపబడింది అంతే, గెస్ట్ ఒప్పుకుందని కాదు. ర్యామ్ అలాగే ఉంది. లోపల డీమెస్గ్ (కెర్నల్ లాగ్) లో ఆఫ్‌లైన్ ఫెయిల్ అని వరసగా లైన్లు. సీహెచ్‌మెమ్ -డీ తో చేత్తో ప్రయత్నిస్తే 32లో 23 బ్లాకులు దిగాయి, 9 దిగలేదు. ఆ 9లో కెర్నల్ తన సొంత సామాను పెట్టుకుంది, అది కదల్చలేనిది. డిమ్ అంటే ఒకే ముక్క కాబట్టి ఒక్క బ్లాక్ మొండికేసినా 4 జీబీ మొత్తం ఉండిపోతది.

దీనికి మందు ఉంది. బ్లాకుల్ని ఆన్‌లైన్ చేసేప్పుడే ఆన్‌లైన్_మూవబుల్ అని చేస్తే అక్కడ కెర్నల్ తన కదలని సామాను పెట్టదు, ప్రోగ్రాముల పేజీలే పెడతది, కావాలంటే వాటిని వేరే చోటికి జరపగలదు. అలా చేసిన డిమ్ తీసేయమంటే 14 సెకన్లలో మొత్తం దిగింది. కానీ ఇష్టం వచ్చినంత మూవబుల్ చేయకూడదు, పేజీ టేబుళ్లూ కెర్నల్ కాష్‌లూ మామూలు జోన్‌లోనే ఉండాలి. మామూలు ర్యామ్‌కి మూడింతల దాకా మూవబుల్ ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదంటారు. నాకు మామూలు ర్యామ్ 4 జీబీ, కాబట్టి ఎక్కించేది 12 జీబీ దాటనివ్వకూడదు అని రాసుకున్నా.

*వర్టియో-మెమ్.* ఇది లినక్స్ 5.8, క్యూఎము (హోస్ట్ మీద వీఎంని నడిపే ప్రోగ్రాం) 5.1 తో 2020లో వచ్చింది, లిబ్‌వర్ట్‌లో 7.9 నుంచి ఉంది. డిమ్ లాగా ఒకే ముక్క కాదు, 2 ఎంబీ ముక్కల్లో ఎక్కించొచ్చు దించొచ్చు. పెద్ద డివైస్ ఒకటి పెట్టి, "ఇప్పుడు ఇంత ఇవ్వు" అని రిక్వెస్టెడ్ సైజు మారుస్తూ పోవడమే. దించేప్పుడు కొంత మొండికేసినా మిగతాది దిగిపోతది, ఉండిపోయినదాని కోసం డ్రైవర్ తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తది. ఎంచుకున్నది ఇదే.

ఒక్కటి గమనించండి, వర్టియో-మెమ్ అయినా లోపల ఆన్‌లైన్ సెట్టింగ్ లేకపోతే ఎక్కదు. గ్రబ్‌లో (బూట్ సెట్టింగుల్లో) మెమ్‌హెచ్‌పీ_డిఫాల్ట్_స్టేట్ = ఆన్‌లైన్_మూవబుల్ అని ఒక్క లైన్ పెట్టుకుంటే ఆ గొడవ పోతది.

ఇంకో పరీక్ష కూడా చేశాను: ర్యామ్ పూర్తిగా అయిపోయి స్వాప్‌లో కొట్టుకుంటున్న వీఎంకి 4 జీబీ ఇస్తే ఏమవుతది అని. కొత్త ర్యామ్ లెక్క రాసుకోడానికి 64 ఎంబీ పాత ర్యామ్‌లోంచే కావాలి. వచ్చింది గానీ 40 సెకన్లు నీలిగింది, ఆ సేపు టెర్మినల్‌లో అక్షరం కూడా పడలేదు. మామూలుగా రెండు సెకన్ల పని. అంటే మునిగాక తాడు వేయడం కాదు, 80 శాతం దగ్గరే పెంచాలి.

దశ 1 అయ్యేటప్పటికి పద్దు ఆగిన సమయం: 0.

దశ 2: ఒక్కసారి ఆపక తప్పదు

ఆపకుండా పెంచాలంటే ముందొకసారి ఆపాలి. గరిష్ఠం సీపీయూ, గరిష్ఠం మెమరీ, న్యూమా, ఇవేవీ నడుస్తున్న వీఎంకి మార్చలేం. వీఎంవేర్ వాడేవాళ్లకీ అంతే, సీపీయూ హాట్ యాడ్, మెమరీ హాట్ ప్లగ్ టిక్కులు వీఎం ఆపి ఉన్నప్పుడే పెట్టాలి. అందుకే కొత్త వీఎం కట్టిన రోజే ఇవి పెట్టేసుకుంటే మేలు, ఇప్పుడు నేను కట్టే ప్రతి వీఎంకీ పెడుతున్నా.

గుమస్తా గారికి ఫోన్ చేసి రెండు మూడు నిమిషాలు ఆపుతానంటే ఆయన "ఏటి బాబూ, లోడింగ్ అవుతుంటే ఆపేస్తావేటి? కలకత్తా లారీ గేటు కాడే ఉంది" అన్నారు. "లేదండి గురువుగారూ, ఆదివారం లోడింగ్ లేనప్పుడు ఒక్కసారే, మళ్లీ సీజన్ అంతా ఆపను" అన్నాను. "సీజనంతానా? రాసిస్తావేటి?" అన్నారు. రాసివ్వలేదు గానీ ఆదివారం మధ్యాహ్నం దొరికింది.

చేసినవి:
1. వీసీపీయూ లైన్‌లో గరిష్ఠం 8, కరెంట్ 2.
2. టోపాలజీ 1 సాకెట్, 8 కోర్లు, 1 థ్రెడ్. సాకెట్లు, కోర్లు, థ్రెడ్లు గుణిస్తే గరిష్ఠం సంఖ్యకి సమానం అవాలి, లేకపోతే వీఎం సెట్టింగుల ఎక్స్‌ఎంఎల్ సేవ్ అవదు.
3. న్యూమా సెల్ 0, సీపీయూలు 0 నుంచి 7, మెమరీ 4 జీబీ.
4. మ్యాక్స్‌మెమరీ 24 జీబీ, స్లాట్లు 16.
5. వర్టియో-మెమ్ డివైస్, సైజు 16 జీబీ, బ్లాక్ 2 ఎంబీ, రిక్వెస్టెడ్ 0.
6. గెస్ట్ లోపల గ్రబ్ లైన్ (ఇది ముందే పెట్టి ఉంచాను).
7. షట్‌డౌన్, తర్వాత స్టార్ట్.

ఏడోది చూసి లోపల్నుంచి రీబూట్ కొడదాం అనుకోకండి. రీబూట్ కొడితే లోపల ఓఎస్ తిరిగి లేస్తది గానీ హోస్ట్ మీద క్యూఎము ప్రాసెస్ పాతదే ఉంటది, కొత్త ఎక్స్‌ఎంఎల్ చదవదు. పూర్తిగా ఆపి మళ్లీ పెట్టాల్సిందే.

ఆగిన సమయం మొత్తం: 1 నిమిషం 52 సెకన్లు.
ట్రయల్ ఆపేశాక హోస్ట్ మీద పంచినది: 8 వీసీపీయూ, 24 జీబీ.

దశ 3: సీపీయూ 2 నుంచి 4

వర్ష్ సెట్‌వీసీపీయూస్ పద్దు 4 --లైవ్. హోస్ట్ వైపు అర సెకను పని. లోపల ఎల్ఎస్‌సీపీయూ చూస్తే ఆన్‌లైన్ 0,1 మాత్రమే, 2,3 ఆఫ్‌లైన్ లిస్టులో. ర్యామ్ కథే ఇక్కడా. డెబియన్‌లో యూడెవ్ రూల్ (కొత్త డివైస్ చేరినప్పుడు ఏం చేయాలో చెప్పేది) ఒకటి రాసుకోవాలి, సీపీయూ కొత్తగా చేరి దాని ఆన్‌లైన్ ఫైల్‌లో 0 ఉంటే 1 రాయి అని, ఒక్క లైనే. రూల్ పెట్టకపోతే సిస్ ఫోల్డర్‌లో సీపీయూ2, సీపీయూ3 ఆన్‌లైన్ ఫైళ్లలో చేత్తో 1 రాసినా సరే. గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపల నడుస్తూ హోస్ట్ మాట వినే చిన్న ప్రోగ్రాం) ఉంటే సెట్‌వీసీపీయూస్‌కి --గెస్ట్ అని తగిలించి హోస్ట్ నుంచే లేపొచ్చు, అది హోస్ట్ ఇచ్చిన సంఖ్యని మార్చదు, లోపల ఆన్‌లైన్ సంఖ్యనే మారుస్తది.

కొలతలు:
- రిపోర్ట్ ఒక్కడే నొక్కితే: 19 సెకన్లు, ముందూ 19, తర్వాతా 19.
- ఆరుగురు ఒకేసారి నొక్కితే: 58 నుంచి 31 సెకన్లకి దిగింది.

మొదటి లైన్ చూసి ఫ్యాక్టరీలో ఒకరు ఏం పెరిగిందీ అన్నారు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక క్వెరీ మామూలుగా ఒక థ్రెడ్ మీదే నడుస్తది, సీపీయూలు పెంచితే ఒక్క క్వెరీ వేగం పెరగదు, క్యూ తగ్గుతది. ఆ 19 సెకన్లు తగ్గాలంటే ఇండెక్స్ పెట్టాలి, అది వేరే డైరీ.

పీహెచ్‌పీ వైపు పీఎం.మ్యాక్స్_చిల్డ్రన్ (ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గరిష్ఠం) 10 నుంచి 20 చేసి రీలోడ్ కొట్టాను, రీస్టార్ట్ అక్కర్లేదు. హోస్ట్‌లో మరీ ఎక్కువ పంచేశామా లేదా అన్నది గెస్ట్ లోపల టాప్‌లో ఎస్‌టీ అంకె (హోస్ట్ దగ్గర సీపీయూ కోసం ఎదురుచూసిన సమయం శాతం) చెబుతది, నాకు 0.3 దాటలేదు.

ఆగిన సమయం మొత్తం: 1 నిమిషం 52 సెకన్లు, మారలేదు.
హోస్ట్ మీద: 10 వీసీపీయూ, 24 జీబీ.

దశ 4: ర్యామ్ 4 నుంచి 8, తర్వాత 12

వర్ష్ అప్‌డేట్-మెమరీ-డివైస్ పద్దు --రిక్వెస్టెడ్-సైజ్ 4జీఐబీ. రెండు సెకన్లలో ఫ్రీలో 8 జీబీకి కాస్త తక్కువ కనబడింది. ఇక్కడితో అయిపోయింది అనుకునేవాళ్లు చాలామంది. కొత్తగా వచ్చిన 4 జీబీ సాయంత్రం దాకా ఉత్త ఫైల్ కాష్‌గానే పడి ఉంది, స్వాప్‌లో ఆ 1.6 జీబీ అక్కడే ఉంది, రిపోర్ట్ టైములు ఇసుమంత కూడా కదల్లేదు.

స్వాప్‌లో పడినవి ర్యామ్ ఖాళీ అయిందని వాటంతట అవి పైకి రావు, ఎవరైనా అడిగితేనే వస్తాయి. స్వాప్‌ఆఫ్ -ఎ, తర్వాత స్వాప్‌ఆన్ -ఎ కొట్టాను, 70 సెకన్లు పట్టింది, ఆ సేపు డిస్క్ కాస్త ఒత్తిడిలో ఉంటది కాబట్టి భోజనాల టైములో కొట్టాను.

ఇక మైఎస్‌క్యూఎల్. దాని బఫర్ పూల్ (టేబుళ్ల డేటాని ర్యామ్‌లో పెట్టుకునే చోటు) 2 జీబీ అని కాన్ఫిగ్‌లో రాసి ఉంది, మెషీన్‌కి 8 వచ్చినా 80 వచ్చినా అది 2లోనే బతుకుతది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి దీన్ని ఆపకుండా మార్చొచ్చు. 4.5 జీబీ ఇద్దాం అని సెట్ పర్సిస్ట్ కొడితే 5 జీబీ అయింది. ఎందుకంటే చంక్ సైజు 128 ఎంబీ, ఇన్‌స్టెన్సులు 8, రెండూ గుణిస్తే 1 జీబీ, దాని గుణిజాల్లోనే ఉంటది, మనం మధ్యలో ఏమిచ్చినా పైకి తీసుకెళ్తది. 8 జీబీ మెషీన్‌లో 5 అంటే పర్వాలేదు కాబట్టి వదిలేశాను, కానీ ర్యామ్ ఇరుకుగా ఉన్నచోట ఈ పైకి సవరించే లెక్క మనల్ని ముంచగలదు, ముందే గుణించి చూసుకోండి.

కొట్టినా అది మొదలవలేదు. ఇన్నోడీబీ బఫర్ పూల్ రీసైజ్ స్టేటస్ చూస్తే ఎంతసేపటికీ కదలదు. తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లన్నీ (మొదలై ఇంకా సేవ్ కాని మార్పులు) ముగిసేదాకా రీసైజ్ మొదలవదు, అదీ సంగతి. ఇన్నోడీబీ_టీఆర్‌ఎక్స్ టేబుల్‌లో చూస్తే ఒకటి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి తెరిచి ఉంది. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకమ్మాయి 10 కిలోల టిన్నుల ఎంట్రీ సగం కొట్టి అన్నానికి లేచి వెళ్లింది, స్క్రీన్ మీద కర్సర్ 320 గ్రేడ్ పక్కన గడిలో మినుకుమినుకుమంటూ అలాగే ఉంది. ఫోన్ చేస్తే వచ్చి సేవ్ నొక్కింది, ఆ నిమిషంలోనే రీసైజ్ మొదలైంది. రీసైజ్ నడిచే సేపు కొత్త క్వెరీలు ఆగి చూస్తాయి, నాకు 3 సెకన్లు. బయట ఎవరికీ తెలియలేదు గానీ లెక్కలో రాయాలి.

ఆ తర్వాత వరస ఇలా స్థిరపడింది:
1. ర్యామ్ ఎక్కించు.
2. లోపల ఫ్రీ, ఎల్ఎస్‌మెమ్ రెండూ చూడు.
3. తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లు చూడు, పాతవి ఉంటే మనిషికి ఫోన్ చెయ్యి, కిల్ కొట్టకు.
4. బఫర్ పూల్ పెంచు.
5. కాన్ఫిగ్‌లో కూడా రాయి. లైవ్‌లో మార్చినది --కాన్ఫిగ్‌తో రాయకపోతే వీఎం ఎప్పుడైనా ఆగి లేస్తే పాత అంకెలకే పోతది, సెట్ పర్సిస్ట్ మాత్రం 5 జీబీ గుర్తు పెట్టుకుని ఉంటది, 4 జీబీ మెషీన్‌లో 5 జీబీ పూల్ అడిగితే ఏమవుతదో చెప్పక్కర్లేదు.

దీపావళి దగ్గర పడ్డాక అదే వరసలో సీపీయూ 6, ర్యామ్ 12, పూల్ 8 జీబీ చేశాను. ఆరుగురి రిపోర్ట్ 31 నుంచి 14 సెకన్లకి వచ్చింది, కారణం సీపీయూ కొంత, మిగతాది టేబుల్ మొత్తం ర్యామ్‌లో పట్టడం, ఈసారి ఒక్కడు నొక్కినా 11 సెకన్లే. అంటే ఆ 19లో డిస్క్ వాటా గట్టిగానే ఉంది, దశ 3లో అంతా సీపీయూనే అనిపించింది గానీ.

ఆగిన సమయం మొత్తం: 1 నిమిషం 52 సెకన్లు. క్వెరీలు నిలిచినది వేరుగా: రెండు రీసైజులకీ కలిపి 7 సెకన్లు.
హోస్ట్ మీద: 12 వీసీపీయూ, 32 జీబీ.

విండోస్ వీఎం జోలికి పోలేదు. దానికి ఎక్కించడం ఒక ఎత్తు, ఎక్కించిన సీపీయూ నడుస్తుండగా దించడం విండోస్‌లో కుదరదు, కాబట్టి ట్యాలీ వీఎంకి కావాల్సినది మొదటే ఇచ్చి వదిలేశాను.

దశ 5: దించడం

పెంచేప్పుడు బయట నుంచి లోపలికి వచ్చాం, దించేప్పుడు లోపల నుంచి బయటికి రావాలి. ఈ వరస తిరగేస్తే పూల్ పట్టుకున్న ర్యామ్‌ని హోస్ట్ లాగబోతది, పేజీలు జరపడానికి చోటుండదు, స్వాప్ నిండుతది.

1. పీహెచ్‌పీ మ్యాక్స్_చిల్డ్రన్ మళ్లీ 10, రీలోడ్.
2. బఫర్ పూల్ 8 నుంచి 2 జీబీ. 41 సెకన్లు పట్టింది, రాత్రి లోడింగ్ లేనప్పుడు చేశాను.
3. కాష్ కొంత వదిలించుకోడానికి సింక్, తర్వాత డ్రాప్ కాషెస్. ఇది తప్పనిసరి కాదు, త్వరగా అవ్వాలని.
4. రిక్వెస్టెడ్ సైజు 0.

8 జీబీలో 7.6 జీబీ మొదటి నిమిషంలోనే దిగింది. మిగతా 384 ఎంబీ దిగలేదు. డిమ్ అయితే ఇక్కడ మొత్తం ఉండిపోయేది. వదిలేసి పడుకున్నాను, పొద్దున చూస్తే డంప్‌ఎక్స్‌ఎంఎల్‌లో కరెంట్ 0 అని ఉంది, డ్రైవర్ రాత్రంతా ప్రయత్నించి తెచ్చుకుంది.

సీపీయూ 6 నుంచి 2కి ఒక్క కమాండ్‌తో దిగింది. సరదాకి 1 చేద్దామని చూస్తే లిబ్‌వర్ట్ ఒప్పుకోలేదు, దించడానికి తగిన హాట్‌ప్లగ్ వీసీపీయూలు దొరకలేదంది. బూట్‌లో ఉన్న వాటిని హాట్‌ప్లగ్ కానివిగా ముద్ర వేసి పెడుతది, మనం ఎక్కించినవే దిగుతాయి. కాబట్టి బూట్ సంఖ్య ఎంత చిన్నగా పెట్టుకుంటే తర్వాత అంత కిందకి దిగొచ్చు.

ఆగిన సమయం మొత్తం: 1 నిమిషం 52 సెకన్లు. క్వెరీలు నిలిచినది: తగ్గింపుతో కలిపి 16 సెకన్లు.
హోస్ట్ మీద: 8 వీసీపీయూ, 24 జీబీ.

మిగిలినవి

వేసవిలో జీడిపిక్కల కొనుగోళ్లు మొదలైతే 80 కిలోల బస్తాల ఎంట్రీ స్క్రీన్ మీద లోడ్ పడతది, అప్పుడు ర్యామ్ కాదు, సీపీయూ మాత్రమే పెంచి చూడాలి. ర్యామ్ 80 శాతం దాటితే నాకు మెసేజ్ వచ్చేలా పెట్టాను, పెంచడం మాత్రం చేత్తోనే, స్క్రిప్ట్‌కి వదిలే ధైర్యం ఇంకా లేదు, ఆ ట్రాన్సాక్షన్ చూసి మనిషికి ఫోన్ చేసే పని స్క్రిప్ట్ చేయదు కదా. ఎంట్రీ స్క్రీన్‌ని మాత్రం మార్పిస్తున్నా, పది నిమిషాలు ఏమీ కొట్టకపోతే సగం ఎంట్రీని డ్రాఫ్ట్‌గా దాచి ట్రాన్సాక్షన్ మూసేలా.